దుంగను బట్టి బారు, బారును బట్టి మిషను



ఎండాకాలం చివర మన జగిత్యాల వైపు లేచే గాలిదుమారం సంగతి మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. కోతకు వచ్చిన మామిడికాయ నేల రాలుతుంది. అది ఆ యేటి నష్టం. దాంతోపాటు తోటలో ముదురు చెట్టు ఒకటో రెండో వేళ్ళతో సహా ఒరిగిపోతాయి. అది తాత నాటిన చెట్టు కావచ్చు, నాయన నాటిన చెట్టు కావచ్చు. మర్నాడు పొద్దున్నే కట్టెల బేరగాడు వస్తాడు. "పడ్డ చెట్టు గదా పటేలా, ఎంతో కొంత ఇస్త, ట్రాక్టర్ల ఏసుకపోత" అంటాడు. అడ్డం వచ్చిన చెట్టు పోతే చాలుననుకుని మనం సరేనంటాం. పలకలై ఇంట్లో వుండవలసిన మొద్దు ఇటుక బట్టీలో బూడిద అవుతుంది.

ఈ మధ్య కొందరు రైతులు ఆ మొద్దును పడ్డచోటనే కోసుకునే ఉపాయం వెతుకుతున్నారు. చెట్లు కొట్టే చైన్ సా మిషనుకు ఒక ఇనుప చట్రం బిగిస్తారు. దుంగ మీద ఆ చట్రాన్ని జరుపుకుంటూ పోతే పొడుగునా పలక తెగుతుంది. దాన్ని చైన్ సా మిల్లు అంటారు. అలాస్కన్ మిల్లు అనే పేరు కూడా వుంది. నన్ను అడిగేవాళ్ళందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: ఎంత బారు కొనాలి, ఎంత మిల్లు కొనాలి? నేను చదివింది వ్యవసాయ డిప్లొమా. మిషన్లు విప్పి బిగించే మెకానిక్కును కాను. అయితే రైతుల వెంట తిరిగి కొంత నేర్చుకున్నాను, ఒకటి రెండు చోట్ల పొరపాటు చేసి మరికొంత నేర్చుకున్నాను. ఆ రెండూ ఈవేళ చెబుతాను.

కోరుట్ల దగ్గర ఒక పల్లెలో జరిగిన మాటతో మొదలుపెడతాను. ఆ ఇంటి కొడుకు ఆరేళ్ళు దుబాయిలో పనిచేసి వచ్చాడు. మళ్ళీ పోవడం అతనికి ఇష్టం లేదు. ఫోనులో వీడియోలు చూసి, పెద్ద మిషను కొని ఊరూరా తిరిగి దుంగలు కోసి బతకాలనుకున్నాడు. పసుపు కొలతలు చూడడానికి పోయిన నన్ను తండ్రి పట్టుకున్నాడు.

"సారూ, పోరడు ముప్పై ఆరు అంగుళాల బారు గావాలంటుండు. చిన్నది కొంటే పెద్ద మొద్దు వస్తే ఏం జేస్తవు బాపూ అని నన్నే అడుగుతుండు. తెచ్చిన పైసలన్నీ దాంట్లనే పోసేటట్టున్నడు. మీరు జెర చెప్పుండ్రి."

"కాకా, మీ దగ్గర కోసే దుంగ ఏది? ముందు అది చూపించు" అన్నాను.

చూపించాడు. బావి దగ్గర పడిపోయిన మామిడిచెట్టు ఒకటి, పెరటి వేప ఒకటి. గట్ల మీద టేకు పదిహేను చెట్ల దాకా వుంది. ఏ మిషను కొనాలన్నది తేల్చేవి ఆ చెట్లే. దుకాణానికి పోయి మిషను బేరం చేసి, ఇంటికి వచ్చి దుంగ కొలిచేవాడు తప్పకుండా చెడతాడు.

దుంగ కొలవడానికి టేపు చాలు. లావుకు చుట్టూ టేపు తిప్పి చుట్టుకొలత చూడండి. దాన్ని 22 చేత భాగించి 7 చేత గుణిస్తే అడ్డం కొలత వస్తుంది. అంత లెక్క కుదరకపోతే మూడో వంతు తీసి కొంచెం తగ్గించండి. చుట్టుకొలత 44 అంగుళాలైతే అడ్డం 14. 66 అయితే 21. 88 అయితే 28. ఆ రైతు గట్టు టేకులు 36 నుంచి 44 అంగుళాల చుట్టు వున్నాయి, అంటే 14 అంగుళాల లోపు లావు. మామిడి మొద్దు సన్న వైపు 66 అంగుళాల చుట్టు.

"చూసిండ్రా సార్, ఇరవై ఒక్క అంగుళం" అన్నాడు కొడుకు. "బారు ముప్పై ఆరన్నా లేకుంటే ఎట్ల?"

ఇక్కడే చాలామంది తప్పు లెక్క వేస్తారు. దుంగను మొదటి నుంచి చివరి దాకా అట్లాగే పొరలు పొరలుగా కోస్తే నడిమి పలక 21 అంగుళాల వెడల్పు వస్తుంది, నిజమే. కాని 21 అంగుళాల వెడల్పు మామిడి పలక మీకెందుకు? అంత వెడల్పు పలక ఎండేటప్పుడు దొన్నెలాగా వంగుతుంది, నడుమ గుజ్జు దగ్గర చీలుతుంది. పైన ఒక పక్క, కింద ఒక పక్క తీసి, దుంగను పావు వంతు తిప్పి మిగిలిన రెండు పక్కలు తీస్తే నలుచదరపు దిమ్మె మిగులుతుంది. గుండ్రని దుంగలో పట్టే పెద్ద చదరం దాని అడ్డం కొలతలో పదింట ఏడు వంతులు. 21 అంగుళాల దుంగలో సుమారు 15 అంగుళాల చదరం పడుతుంది. ఆ తర్వాత పలక ఏది తీసినా వెడల్పు 15 దాటదు. 14 అంగుళాల టేకులో 10 అంగుళాల చదరం. కాబట్టి మనకు కావలసిన కోత దుంగ లావంత కాదు, అందులో పట్టే చదరమంత.

ఈ లెక్క తెలిసిన కొత్తలో నేను చాలా తెలివిగలవాడిననుకున్నాను. మా సొంత ఊళ్ళో 21 అంగుళాల వేపదుంగకు 16 అంగుళాల కోత చాలునని చెప్పి, బంధువుల మిషను అడిగి తెచ్చి పని మొదలుపెట్టించాను. సన్న వైపు నుంచి నాలుగడుగులు బాగానే పోయింది. తర్వాత బారు మూతి చెక్కలో దిగిపోయి చట్రం కదలలేదు. కారణం ఏమంటే, దుంగ రెండు చివరలూ ఒకే లావు వుండదు. సన్న వైపు 21 వుంటే మొదలు వైపు 24 వుంది. చదరం సన్న వైపుకు లెక్కవేశాను. మొదలు వైపు అదే మట్టంలో కోత వెడల్పు దాదాపు 19 అంగుళాలు అవుతుంది. తిప్పి పక్కలు తీసిన తర్వాత ఇబ్బంది లేదు గాని, మొదటి రెండు కోతలు మాత్రం ఆ వెడల్పు తాకక తప్పదు. ఆ రోజు మొదలు వైపు పక్క ఉబ్బులను చేతి మిషనుతో చెక్కి, మళ్ళీ చట్రం ఎక్కించేటప్పటికి పొద్దు గూకింది. నాతో వచ్చిన ముసలి వడ్లాయన ఒక్క మాట అనలేదు, బీడీ ముట్టించుకుని చెట్టు నీడన కూర్చున్నాడు. అనివుంటేనే నయం అనిపించింది. అందుకని టేపు రెండు చివరలా పట్టండి. సన్న వైపు కొలత చదరం చెబుతుంది, లావు వైపు కొలత బారు చెబుతుంది.

ఇక బారు మీద రాసిన అంగుళాలన్నీ కోతకు రావు. మిల్లు చట్రం బారును రెండుచోట్ల బిగించి పట్టుకుంటుంది, మిషను వైపు ఒకటి, మూతి వైపు ఒకటి. ఆ రెండు బిగింపులకూ కలిపి నాలుగు నుంచి ఆరు అంగుళాలు పోతాయి. 20 అంగుళాల బారు 14 నుంచి 16 అంగుళాలు కోస్తుంది. 24 బారు 18 నుంచి 20 కోస్తుంది. 36 బారు 30 నుంచి 32. మిషను ముందుండే ముళ్ళ పట్టీని విప్పేస్తే కొంత కలిసివస్తుంది. చట్రాన్ని సాధారణంగా అది పట్టే పెద్ద బారు కొలతతో పిలుస్తారు. 24 అంగుళాల మిల్లంటే 24 బారు వరకు పడుతుందని అర్థం. అంతకన్నా పొట్టి బారుకు కూడా జరిపి బిగించుకోవచ్చు. కాబట్టి చట్రం ఒక సైజు పెద్దది కొన్నా నష్టం లేదు. బారు పెద్దది కొంటేనే చిక్కు.

ఆ చిక్కు ఏమిటో చెబుతాను. చెట్టు కొట్టే అడ్డకోత వేరు, పలక తీసే పొడుగు కోత వేరు. 15 అంగుళాల లావు కొమ్మను అడ్డంగా కోస్తే మిషను 177 చదరపు అంగుళాలు కోసినట్టు. అదే 15 అంగుళాల వెడల్పున 8 అడుగుల పలక తీస్తే 1,440 చదరపు అంగుళాలు. అంటే ఎనిమిది అడ్డకోతలు మధ్యలో ఊపిరి తీసుకోకుండా కోసినట్టు. అందులో ఇంజను పూర్తి రేసులో, నిమిషానికి పది వేల చుట్ల దరిదాపున నడుస్తుంది. ఎద్దు బరువును గట్టు దాకా లాగడం వేరు, రోజంతా ఎత్తులో లాగడం వేరు. అందుకని సీసీ చూసి బారు పెట్టాలి. 50 నుంచి 60 సీసీ మిషను 20 అంగుళాల బారుతో నిదానంగా పని చేస్తుంది. 24 అంగుళాల బారు వేసి గట్టి చెక్క కోయాలంటే 65, 70 సీసీ వుంటే మేలు. 28 బారుకు 80 దాకా పోవాలి. 36 అంగుళాల బారుకు 90 సీసీ పైన కావాలి. అటువంటి మిషను ఖరీదు చిన్న మిషనుతో పోల్చదగింది కాదు, బరువూ అంతే. చిన్న ఇంజనుకు పొడుగు బారు తగిలిస్తే గొలుసుకు నూనె చివరిదాకా అందదు, గొలుసు వదులై జారుతుంది, బారు నీలంగా కాలుతుంది, క్లచ్చు పోతుంది. పొడుగు బారున్నవాళ్ళు మూతి దగ్గర వేరే నూనె డబ్బా పెట్టుకుంటారు.

ఈ లెక్కంతా అరుగు మీద బొగ్గుతో రాసి చూపించాను. "తమ్మీ, మీ మామిడికి మొదటి రెండు కోతలు 19 అంగుళాలు. టేకులకు 10, 12. 24 బారు, 70 సీసీ లోపు మిషను చాలు. 36 నీకెక్కడ పనికొస్తుంది?"

"పెద్ద మొద్దు వస్తేనో అన్నా?"

"పెద్ద మొద్దు ఏడాదికి ఎన్నిసార్లు వస్తుంది? వచ్చిననాడు కిరాయికి తెచ్చుకో. లేకుంటే పక్కల ఉబ్బులు చెక్కి సన్నం చేసుకో."

అతని ముఖంలో సంతోషం కనబడలేదు. కొనదలచుకున్నవానికి చిన్నది చాలు అని చెప్పడం కొంచెం కష్టమే.

బారు కొనేటప్పుడు అంగుళాలు చెబితే చాలదు. మీ మిషను పేరు, మోడలు చెప్పాలి. గొలుసు పళ్ళ దూరం, బారు గాడి మందం, గొలుసులో లంకెల లెక్క ఈ మూడూ కలవాలి. పాత గొలుసు విప్పి వెంట తీసుకుపోవడం అన్నిటికన్నా సులువు.

గొలుసు గురించి ఒక చిన్న కథ వుంది. పాతకాలపు చైన్ సాలకు మామూలు రంపంలాంటి పళ్ళే వుండేవి. సానపట్టీ పట్టీ మనుషులు విసిగిపోయేవారు. 1946లో అమెరికాలో ఆరిగాన్ రాష్ట్రపు అడవుల్లో జోసెఫ్ కాక్స్ అనే కట్టెకోత పనివాడు మొద్దులో ఒక పురుగును చూశాడట. ఆ పురుగు పిల్ల తన దవడలు కుడిపక్కకీ ఎడమపక్కకీ ఆడిస్తూ, చెక్క పోగుకు ఎదురుగా గాని వెంట గాని సులువుగా తొలుచుకుపోతోంది. దాన్ని చూసి అతను కుడి పన్ను ఒకటి, ఎడమ పన్ను ఒకటిగా గొలుసు తయారుచేశాడు. 1947 నుంచి అమ్మకానికి వచ్చింది. ఇప్పటి గొలుసులకు మూలం అదే. మన పంట తినే పురుగును చూసి మందు డబ్బా కోసం పరుగెత్తే మనకు ఇటువంటి చూపు కూడా కొంత వుంటే బాగుండును.

దుకాణంలో దొరికే మామూలు గొలుసు పళ్ళు 25, 30 డిగ్రీల వాలుతో సానపట్టి వుంటాయి. అది అడ్డకోతకు. పొడుగు కోతకు 10 డిగ్రీల వాలు మంచిది. కోత కొంచెం నెమ్మదిగా సాగినా పలక ముఖం నున్నగా వస్తుంది. విడిగా ఆ గొలుసు దొరకకపోతే మామూలు గొలుసునే ఆకురాయితో నాలుగైదుసార్లు సానపట్టేటప్పుడు కొద్దికొద్దిగా వాలు తగ్గించుకోవచ్చు. అంగుళంలో మూడు వంతుల ఎనిమిదో భాగం, అంటే మూడు నూళ్ళ దూరపు మామూలు గొలుసుకు 5.5 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి; .325 గొలుసుకు 4.8 మిల్లీమీటర్లది. ట్యాంకు పెట్రోలు అయిపోయినప్పుడల్లా సానపట్టండి. పొట్టు రవ్వలాగా పడుతున్నంతసేపు గొలుసు పదునుగా వున్నట్టు. పిండిలాగా పడితే, మీరు మిషనును నెట్టవలసి వస్తే, పని ఆపండి. మొండి గొలుసుతో నెట్టేవాడు ఇంజనునూ చంపుకుంటాడు, నడుమునూ చంపుకుంటాడు.

ఇప్పుడు రంపం తినే చెక్క సంగతి. ఇది వ్యాపారస్థులు చెప్పరు. చైన్ సా గొలుసు ఒక్కొక్క కోతకు దాదాపు మూడు నూళ్ళ మందం చెక్కను పొట్టు చేస్తుంది. సామిల్లులో పట్టీ రంపం తినేది ఒక నూలు చుట్టుపక్కల. 15 అంగుళాల దిమ్మె నుంచి అంగుళం పలకలు తీస్తే మన మిల్లులో 11 వస్తాయి, సామిల్లులో 13 వస్తాయి. మామిడిలో రెండు పలకలు పోయినా పోనీ అనుకోవచ్చు. టేకులో రెండు పలకలు పోతే ఎవరు ఓర్చుకుంటారు? రెండంగుళాల చెక్కలైతే మనకు ఆరు, వాళ్ళకు ఏడు. అందుచేత నా అభిప్రాయం ఇది: దూలాలకు, దర్వాజ కమ్ములకు, బల్ల మీది మందపాటి చెక్కలకు ఈ మిల్లు మంచిది. సన్న పలకలకు మంచిది కాదు. సన్నటివి కావాలంటే పడ్డచోట దుంగను నలుచదరం చేసుకుని, లేదా రెండుగా చీల్చుకుని ట్రాక్టరు మీద సామిల్లుకు పంపండి. 28 అంగుళాల లావు, 10 అడుగుల పొడుగు పచ్చి మామిడి మొద్దు బరువు టన్ను దాటుతుంది. దాన్ని తోటలోంచి రోడ్డు దాకా దొర్లించే కూలీ, క్రేను కిరాయి లెక్కవేస్తే చాలామంది కట్టెలకు ఎందుకు అమ్ముకుంటారో అర్థమవుతుంది. ఈ మిల్లు విలువంతా అక్కడే వుంది. దుంగ మిషను దగ్గరికి పోలేనప్పుడు మిషను దుంగ దగ్గరికి వస్తుంది.

రోడ్డు పక్కనే దుంగ వుండి, సామిల్లు అయిదారు మైళ్ళలో వుంటే ఇవేమీ కొనకండి. ఏడాదికి రెండు దుంగలు కోసే రైతు కూడా కొనకండి. నలుగురు కలిసి కొంటే ఒక మాట.

సిరిసిల్ల వైపు ఒక ముచ్చట వేరే వుంది. మధ్యమానేరు ముంపు పల్లెల నుంచి కొత్త కాలనీలకు పోయినవారిలో పాత ఇంటి దూలాలు వెంట తెచ్చుకున్నవారు వున్నారు. మంచి చేవ వున్న పాత కర్ర. దాన్ని చీల్చి కొత్త ఇంటికి దర్వాజలు చేయించాలని వాళ్ళ ఆశ. అటువంటి దూలానికి 20 అంగుళాల బారు ఎంతో ఎక్కువ. 16 అంగుళాల బారు, నిలువుగా కోసే చిన్న చట్రం చాలు. కాని దూలంలో తల విరిగిన సీలలు లోపలే వుంటాయి. ఒక్క సీల తగిలితే గొలుసు పళ్ళు వరసగా పోతాయి. నాకు ఎలా తెలుసునంటే, ఇందాక చెప్పిన వేపదుంగకే రెండో రోజు ఆ శాస్తి జరిగింది. నా చిన్ననాడు గేదెను కట్టేయడానికి మా నాయన కొట్టిన సీల అది. చెట్టు దాని మీదుగా నాలుగంగుళాలు పెరిగి మింగేసింది. పలక మీద నల్లటి, నీలపు మరక కనబడితే ఇనుము దగ్గరలో వుందని గుర్తు. ఇంటి ముందు చెట్లు, బాటపక్క చెట్లు, కంచె తీగ చుట్టిన గట్టు టేకులు అన్నీ అనుమానించవలసినవే. ఇనుము కనిపెట్టే చిన్న పరికరం దొరుకుతుంది. గొలుసు ధరతో పోలిస్తే అది దండగ కాదు.

చెక్కను బట్టి కూడా మిషను మీద బరువు మారుతుంది. మామిడి మెత్తన. వేప నడితరం. నల్ల తుమ్మ, చింత బాగా గట్టివి. పైన చెప్పిన సీసీలకు ఇంకో పది కలుపుకోండి, లేదా బారు ఒక సైజు తగ్గించండి. పచ్చిమీద కోస్తే రెండూ కొంత లొంగుతాయి. టేకు కోతకు మెత్తగానే వున్నట్టు వుంటుంది గాని, దాని చెక్కలో ఇసుక పదార్థం వుంటుంది గనుక గొలుసు పదును త్వరగా పోతుంది. నీలగిరిలో బిగువు ఎక్కువ; కోస్తుంటేనే పలక విల్లులాగా లేస్తుంది, గొలుసును పట్టేస్తుంది. మామిడి మొద్దును మాత్రం పడ్డ తర్వాత వానల్లో వుంచవద్దు. నీలి బూజు పడుతుంది, పురుగు తొలుస్తుంది.

పని మొదలుపెట్టే ముందు కాగితాల సంగతి. చెట్టు మీ పొలంలోదే అయినా, కొట్టడానికి 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి అడగాలి. కొన్ని జాతులకు మినహాయింపు వుంది. టేకు కలపను కదిలించాలంటే అటవీ శాఖ రవాణా పర్మిట్టు కావాలి. గాలికి పడ్డ చెట్టయినా ముందు ఫోటో తీసి కబురు చేయండి, తర్వాత కోయండి. ఇతరుల దుంగలను కూలికి కోసే పనికి సామిల్లుల మీద వున్న నిబంధనలు అడ్డం రావచ్చు. సామిల్లు పెట్టడానికి లైసెన్సు తప్పనిసరి. ఊరూరా తిరిగే మిల్లు పెట్టదలచినవారు మిషను కొనకముందే ఫారెస్టు రేంజి ఆఫీసులో కాగితం మీద అడిగి, కాగితం మీదనే జవాబు తీసుకోవాలి.

ఈ మాట విన్నప్పుడు ఆ కోరుట్ల పిల్లవాడు చాలాసేపు మాట్లాడలేదు. తండ్రి మాత్రం, "గీ ముచ్చట ఆ వీడియోల చెప్పలేదారా?" అన్నాడు. దానికి అతను, "గది గల్ఫు ఏజెంటు గూడ చెప్పలేదు గదా బాపూ" అన్నాడు. నవ్వాలో వద్దో మాకు తెలియలేదు.

కోసేటప్పటి జాగ్రత్తలు చెబుతాను, ఇవి శ్రద్ధగా వినండి. దుంగను నేల మీద కోయకూడదు. మోకాలి ఎత్తు దిమ్మెల మీదికి ఎక్కించి, దొర్లకుండా రెండు వైపులా ఆపు పెట్టాలి. బెరడుకు అంటిన మన్ను, ఇసుక గీకి పారెయ్యాలి. మొదటి కోతకు దుంగ మీద చట్రం నడవడానికి సమమైన దారి కావాలి. అల్యూమినియం నిచ్చెన గాని, వంకరలేని గట్టి పలక గాని దుంగకు బిగిస్తారు. అది వంకరైతే తర్వాత వచ్చే పలకలన్నీ వంకరే. బిగించే సీలలు కోత మట్టం దాకా దిగకూడదు. కోత రెండడుగులు పోయిన తర్వాత వెనకాల సన్న చెక్కముక్కలు దూర్చుతూ రావాలి. లేకపోతే పై చెక్క బరువుకు బారు ఇరుక్కుంటుంది. ఈ ముక్కలు చెక్కవో ప్లాస్టిక్కువో వుండాలి, ఇనుపవి పనికిరావు. కోత ముగిసేచోట రేసు కొంచెం తగ్గించండి. కోత ముగియగానే ఇంజను ఆపేయవద్దు; ఒక నిమిషం నెమ్మదిగా తిరగనిచ్చి చల్లబడ్డాక ఆపండి.

మనిషి సంగతి ఇంకా ముఖ్యం. ఈ పనిలో మొహం ఇంజనుకు దగ్గరగా వుంటుంది. పొగ గొట్టంలోంచి వచ్చేది విషపు గాలి. అరగంట పీలిస్తే తల తిరుగుతుంది, వాంతి వస్తుంది, ఎండదెబ్బ అనుకుంటారు. గాలి ఎటు వీస్తుందో చూసి, పొగ అవతలికి పోయేటట్టు దుంగను పెట్టుకోండి. గోడల మధ్య, రేకుల కొట్టంలో కోయకండి. కళ్ళద్దాలు, చెవులకు మూతలు, ముక్కుకు గుడ్డ, గట్టి బూట్లు, తొడలకు చైన్ సా పనికి వేసే రక్షణ బట్ట వుండాలి. లుంగీ, కండువా, రబ్బరు చెప్పులు ఈ మిషను దగ్గరికి రాకూడదు. బారు మూతి దేనికైనా తగిలితే మిషను ఎదురుతన్ని మొహం మీదికి లేస్తుంది. చట్రంలో వున్నప్పుడు ఆ భయం తక్కువ గాని, చట్రం విప్పి కొమ్మలు కొట్టేటప్పుడు అదే మిషను అదే మనిషిని చంపగలదు. ఒంటరిగా పని చేయకండి. పిల్లలను, పొట్టు ఎత్తే ఆడవాళ్ళను గొలుసుకు ఎదురుగా నిలబెట్టకండి. తెగిన గొలుసు తూటాలాగా వస్తుంది.

పెట్రోలులో కలిపే టూ స్ట్రోకు నూనె మిషను పుస్తకంలో రాసినంతే. 50కి 1 అని వుంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 40కి 1 అయితే 25. నేడు బంకుల్లో దొరికే పెట్రోలులో ఇథనాల్ కలిసి వుంటుంది; అది తేమను లాక్కుంటుంది. నెలల తరబడి ట్యాంకులో వుంచితే కార్బురేటరు పాడవుతుంది. పని అయిపోయిన రోజున ఒంపేసి, మిగిలినది ఇంజను తిరిగి ఆగిపోయేదాకా కాలనివ్వండి.

కోసిన పలకలను గోడకు ఆనించి ఎండలో నిలబెట్టడం మన అలవాటు. అవి వంగిపోవడానికి అంతకన్నా మంచి ఉపాయం లేదు. నీడలో, గాలి ఆడేచోట, నేలకు అడుగున్నర ఎత్తున పేర్చండి. పలకకూ పలకకూ మధ్య అంగుళం మందం పట్టీలు రెండడుగులకొకటి, అన్నీ ఒకదాని కింద ఒకటి నిలువు వరసలో వుండాలి. చివరలకు రంగో మైనమో పూస్తే నెర్రెలు తగ్గుతాయి. పేర్పు మీద రాళ్ళు పెట్టండి. మామిడి పలకలకు కోసిన రెండు మూడు రోజుల్లోనే బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్ళు పట్టించాలి, పొట్టుపురుగు ఆగుతుంది. అది వానకు కడుక్కుపోతుంది గనుక మామిడిని ఇంటి లోపలి పనికే వాడండి. తలుపు చట్రానికి వేప, టేకు వున్నాయి.

పోయిన నెలలో కోరుట్ల వైపు పోయినప్పుడు ఆ ఇంటి ముందు ఆగాను. 24 అంగుళాల బారే కొన్నారు. మామిడి మొద్దు నుంచి రెండంగుళాల చెక్కలు ఆరు వచ్చాయి. కొట్టంలో పేర్చి పైన విసుర్రాయి పెట్టారు. నిలువు పట్టీలు ఒకచోట వరస తప్పితే ముసలాయన నా కళ్ళముందే సరిచేయించాడు. టేకులు ఇంకా కొట్టలేదు. రేంజి ఆఫీసులో ఇచ్చిన దరఖాస్తు రసీదును కొడుకు ఫోను కవరులో పెట్టుకుని తిరుగుతున్నాడు. జవాబు రావలసి వుంది. దుబాయి వీసా గడువు కూడా ఇంకా మిగిలే వుందట.